తోమిన ముప్పై ఎనిమిది నాణేలు

దుకాణం,
ఆదివారం మధ్యాహ్నం

మసిపిల్లకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్ చేశావని మీ అత్తయ్య చెప్పింది. యాభై ఏళ్ళు రాగి మీద సుత్తి మోగించిన చెవులివి, ఫోనులో నాకు తుమ్మెద రొద తప్ప ఏం వినపడదు. పోనీ అత్తయ్యతో చెప్పిద్దామంటే, నేను పది మాటలు చెబితే ఆవిడ రెండు చేరవేస్తుంది, ఆ రెండూ ఆవిడ సొంతం. అందుకని ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. అక్షరాలు కాస్త లావుగా రాయి.

అసలు సంగతి విను. దుకాణంలో నేను రాగి పెట్టి కొట్టే దాగలి బిగించిన మొద్దు ఉంది కదా, చిన్నప్పుడు దాని పక్కనే కూర్చుని బొగ్గు మొహానికి పూసుకునేదానివి, అది ఈ మధ్య ఒక పక్కకి కుంగింది. ఎంత జాగ్రత్తగా కొట్టినా బిందె అడుగు వంకరపోతోంది. నా చెయ్యే తప్పుతోందేమో, వయసు మీద పడిందేమో అని వారం రోజులు నాకు అన్నం సహించలేదు. చివరికి మొద్దు పెకలించి కింద తవ్వితే, మూరెడు లోతులో మట్టికుండ! మూతి మీద పలకరాయి. లోపల రాగి నాణేలు. లెక్కపెడితే యాభైతొమ్మిది. తప్పు నా చేతిది కాదు, ఆ కుండది. ముందు దానికి సంతోషించాను.

నాణేలు మాత్రం చూడ్డానికి దిక్కుమాలినట్టున్నాయి. కొన్ని నల్లగా, కొన్ని పచ్చటి చిలుము కట్టి. రాగి పనివాడి కొట్లో రాగి అలా పడుంటే నాకు పరువుంటుందా? ఈ వీధిలో నన్ను తళతళ అని పిలిచేది ఎందుకనుకున్నావు? నిమ్మరసం, ఉప్పు, ఆపైన మెత్తగా నూరిన ఇటుకపొడి. నిన్నటికి పదకొండు తోమాను. ఇప్పుడే అచ్చు దిగి వచ్చినట్టున్నాయి.

మూడు నీకు పంపుతున్నాను. మా మేనకోడలు మ్యూజియంలో పాతవస్తువులకి వైద్యం చేస్తుందని వీధంతా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు నువ్వు మీ వాళ్ళకి చెప్పుకో. ఇవి మా మామయ్య చెయ్యి అని చెప్పు. మిగతావి ఈ వారంలో అవగొట్టేస్తాను.

మీ మామయ్య

*

మ్యూజియం వెనక పనిగది,
గురువారం

మామయ్యా,

పార్సిల్ ఇప్పుడే విప్పాను. ఈ ఉత్తరం ఎక్కడ చదువుతున్నావో అక్కడే ఆగు. చేతిలో నాణెం ఉంటే కింద పెట్టు. నిమ్మకాయలన్నీ అత్తయ్యకిచ్చెయ్, షర్బత్ చేస్తుంది.

నా మీద కోపం తెచ్చుకోకు. ఆ నలుపు మురికి కాదు మామయ్యా. అదీ రాగే. రాగికి గాలి తగిలితే పైన పలచగా ఎర్రటి పొర కడుతుంది. అది ముదిరి గోధుమరంగు, ఆపైన నలుపు. పొగ, పదిమంది చేతుల చెమట తగిలితే మరీ తొందరగా నల్లబడుతుంది. తడిమట్టిలో పడుంటే పచ్చ చిలుము వస్తుంది. ఇవేవీ బయటినుంచి వచ్చి అంటుకున్నవి కావు. నాణెం తన ఒంట్లో రాగి ఇచ్చి కట్టుకున్నవి. మనం పొర తీసేస్తున్నామనుకుంటాం గానీ తీసేది నాణేన్నే. బొమ్మా, అక్షరాలూ చాలాసార్లు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి. అడుగున రాగి ఎప్పుడో తినేసి ఉంటుంది.

నువ్వు పంపినవాటిలో ఒకదాని మీద ఏదో జంతువు నిలబడి ఉంది. నాలుగు కాళ్ళు కనిపిస్తున్నాయి. తల నీ ఇటుకపొడిలో పోయింది. అది ఏనుగో గుర్రమో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇంకోమాట. భూమిలో దొరికినవి మన దగ్గర ఉంచుకోకూడదు. మిగతావన్నీ ఆ కుండలోనే, ఆ మట్టితో సహా ఊరి తహసీల్దారు ఆఫీసులో అప్పజెప్పి రసీదు తీసుకో. మా పెద్ద మేడమ్‌కి నీ మూడూ చూపించాను. చూసింది. ఏమీ అనలేదు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ మసిపిల్ల

*

దుకాణం,
మంగళవారం

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముప్పై ఎనిమిది అయ్యాయి. మిగిలినవి ఇరవై ఒకటి. నీ మాట మీద ఆపాను. ఆపాను గానీ, ఒప్పుకున్నానని అనుకోకు.

రాగి గురించి నాకు పాఠం చెబుతావా? నీకు ఓనమాలు రాకముందే ఎర్రరాగికీ నల్లరాగికీ తేడా చెప్పింది ఎవరే? సుత్తి నీ బుల్లి చేతికి ఆనేట్టు పిడి కోసి ఇచ్చింది ఎవరు? రాగి నల్లబడుతుందని నాకు తెలీదా, ఊళ్ళో సగం గిన్నెలు నల్లబడ్డాకే కదా నా గుమ్మం ఎక్కేది. నల్లబడకపోతే నాకు పొయ్యి వెలిగేదా? రోగం నాకూ తెలుసు, నీకూ తెలుసు. నేను నయం చేస్తాను, నువ్వు అలాగే ఉండనియ్యమంటావు. ఇదెక్కడి వైద్యమే తల్లీ?

జంతువు తల పోయిందన్నావు. ఆ మాట మీ అత్తయ్య వినేలా చదివాను, పొరపాటైంది. పొద్దుటినుంచీ కాఫీ ఇచ్చేటప్పుడల్లా "ఏనుగా, గుర్రమా?" అని అడుగుతోంది.

రేపు ఆఫీసుకి తీసుకెళ్తాను. తోమినవీ, తోమనివీ, కుండా, మట్టీ, అన్నీ. నీ మూడు నువ్వే లెక్క చెప్పు. ఎవరి సొమ్మో మనకెందుకు. నా కొట్టు కింద దొరికిందని కాగితం మీద రాస్తే చాలు, నాకు అదే పదివేలు.

మామయ్య

*

పనిగది,
బుధవారం

మామయ్యా,

అప్పజెప్పినందుకు సంతోషం. రసీదు జాగ్రత్త.

నీ మూడూ పార్సిల్ వచ్చిన మర్నాడే చిట్టాలో చేర్చాను. వాటికి జబ్బు చేసింది. పైన లేత ఆకుపచ్చ పొడి పొక్కుల్లా వస్తోంది, తుడిస్తే మళ్ళీ వస్తోంది. ఉప్పు వల్ల. కొత్త గిన్నెకైతే కడిగితే ఉప్పు పోతుంది. పాత నాణేనికి ఒళ్ళంతా కంటికి కనపడని రంధ్రాలు, వాటిలోకి దూరి కూర్చుంది. కాస్త తేమ తగిలితే చాలు లోపలినుంచి తినేస్తుంది. రోజూ శుద్ధనీటిలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉప్పు లాగుతున్నాను. నెల పట్టొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు. వదిలిపెట్టను, నువ్వు తోమి పంపినవి కదా.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మసిపిల్ల

*

దుకాణం,
శనివారం

ఏమే, రాయడానికి ఏమీ లేదా?

ఆఫీసునుంచి నాకు కాగితం వచ్చింది. మీ అత్తయ్య రెండుసార్లు చదివి వినిపించింది, నమ్మకం కుదరక నేనే కళ్ళజోడు పెట్టుకుని మూడోసారి చదివాను. "సదరు నాణేలు ఇటీవల తయారుచేసినవిగా అనుమానం కలుగుతున్నది. దొరికినట్టు చెప్పుచున్న వ్యక్తి వృత్తిరీత్యా రాగి పనివాడు కావడం గమనార్హం." నెలలోగా జవాబివ్వాలట. లేకపోతే నకిలీవని రాసి దస్త్రం మూసేస్తారట, నా మీద ఫిర్యాదు కూడా ఉంటుందట.

అంటే ఏమిటి? నేనే కొట్టి, నేనే పాతిపెట్టి, నేనే తవ్వుకున్నానని!

కింద ఒక ముక్క ఉంది, "మ్యూజియం వారి ప్రాథమిక అభిప్రాయం మేరకు" అని. దానికి తారీఖు కూడా వేశారు. ఆ తారీఖు చూశానే. నువ్వు నాకు మొదటి ఉత్తరం రాసిన గురువారం అది. "మేడమ్ చూసింది, ఏమీ అనలేదు" అని రాశావే, ఆ గురువారం.

వీధంతా పొక్కింది. ఎదురు స్టీలు కొట్టాయన వచ్చి భుజం తట్టి, "అయినా తళతళా, నీ చేతిలో అంత పని ఉందని మాకు తెలీదయ్యా" అని నవ్వాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తేల్చుకోలేక నేనూ పళ్ళికిలించాను. ఇంటికొచ్చాక ఒళ్ళు మండింది. మా నాన్న కూర్చున్న కొట్టు, ఆయనకి ముందు వాళ్ళ నాన్న కూర్చున్న కొట్టు. తూకంలో ఒక్క గురిగింజ ఎత్తు తేడా వచ్చిందని ఎవడూ ఈ గుమ్మం ముందు నోరెత్తలేదు. ఇప్పుడు సర్కారు కాగితం మీద నా పేరు పక్కన నకిలీ అని పడితే, రేపట్నించి నేను ఏ మొహంతో సుత్తి పట్టుకోవాలి?

బయటివాళ్ళు అనుమానించారంటే సరే. నువ్వు తెలిసి ఎందుకు దాచావు?

*

పనిగది,
సోమవారం

మామయ్యా,

దాచాను. తప్పే. ఆ రోజు మేడమ్ భూతద్దంలో చూసి, "ఇది నిన్నమొన్న చేసిన సరుకు, చేసినవాడు పనిమంతుడు" అంది. నీకెలా రాయను? అంత ముచ్చటగా పంపావు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను, అది కాస్తా కాగితమెక్కింది. రాసి చింపిన ఉత్తరాలు మూడు నా సొరుగులో ఉన్నాయి.

అయితే ఇప్పుడు ఒక సంగతి నీకు చెప్పాలి. నీ కుండ నిన్న ఇక్కడికి వచ్చింది. నేను దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోను. దొరికింది మా మామయ్యకి అని మేడమ్‌కి కాగితం మీద రాసిచ్చాను. ఇక దాని పరీక్ష నా పక్క బల్ల ఆయన చేస్తాడు. నీ తరఫున నేనొక్క మాట చెప్పినా అది నీకే చెరుపు.

ఉన్న చిక్కు ఇది. తోమిన ముప్పై ఎనిమిదీ ఏమీ చెప్పలేవు, వాటి నోరు నువ్వే మూశావు. తోమని ఇరవై ఒకటీ పాతవిలాగే ఉన్నాయి. కానీ మందులు పూసి ఒక్కరోజులో నలుపూ పచ్చా తెప్పించే మాయగాళ్ళున్నారు. తోమిన కొత్తవాటి పక్కన నల్లటివి ఉంటే, "ఇవి రంగు వేసినవి, అవి ఇంకా వేయనివి" అనే ఎవరైనా అనుకుంటారు. మేడమ్ అడిగింది అదే.

కాబట్టి నువ్వు ఒక కాగితం రాయాలి. నేను వీటిని తోమి పాడుచేశాను అని. ఎలా తోమావు, దేనితో, ఎంతసేపు, తోముతుంటే ఏ రంగు ముందు పోయింది, ఏది ఆఖర్న పోయింది, కింద ఏం కనిపించింది, అన్నీ. నీ చేత్తో, నీ సంతకంతో. వేరే దారి నాకు కనిపించలేదు.

నీ మసిపిల్ల

*

దుకాణం,
శుక్రవారం

రాయను.

పాడుచేశాను అని నా చేత్తో రాయాలా? యాభై ఏళ్ళలో నా చేతిలో పాడైన రాగి లేదు. దొంగ అన్నా పడతాను, పనిరాదంటే మాత్రం పడను. నకిలీ అని రాసుకుంటే రాసుకోమను. కనీసం అందులో పనిమంతుడు అనైనా ఉంటుంది.

(అమ్మాయీ, నేను అత్తయ్యని. పోస్టులో వేస్తానని తీసుకుని కింద రాస్తున్నాను. మీ మామయ్య మూడు రోజులుగా కొట్టు తలుపు సగమే తీస్తున్నారు. ఎవరైనా గిన్నె తెస్తే "ఇప్పుడు కాదు" అని పంపేస్తున్నారు. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు. ఇంకోటి, ఆయన నా దగ్గర కూడా ఏదో దాస్తున్నారు. చొక్కా ఉతకడానికి ఇవ్వమంటే జేబు పట్టుకుంటున్నారు. నువ్వు గట్టిగా రాయి. నేను చెబితే చెవుడు, నువ్వు చెబితే వినపడుతుంది.)

*

పనిగది,
మంగళవారం

మామయ్యా,

గట్టిగానే రాస్తున్నాను.

చిల్లుపడ్డ బిందె తెస్తే నువ్వు మాటు వేస్తావు. వేసిన మాటు కనపడకుండా సాగగొట్టి మెరుగు పెట్టడం నీకు చిటికెలో పని. పెట్టవు. మాటు మాటులాగే కనపడేట్టు వదిలేస్తావు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఎందుకని అడిగాను. "రేపు ఇంకో పనివాడు ఈ బిందె పట్టుకుంటే, ఎక్కడ తగిలిందో వాడికి తెలియాలి. దాస్తే వాడు కొట్టాల్సినచోట కొట్టడు" అన్నావు. నేను ఇక్కడ చేసే పనంతా ఆ ఒక్క మాటే మామయ్యా. అతికిన కుండలో కొత్త ముక్క కనపడేట్టు ఉంచుతాం. ఏం చేశామో ప్రతిదీ రాసిపెడతాం. చేరిన మొదటి రోజు మేడమ్ ఇది చెబుతుంటే అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నాకు తెలుసు కదా అని గర్వంగా కూర్చున్నాను.

బిందె మీద మాటు చూపించే మనిషివి, నీ తప్పు మీదకొచ్చేసరికి మెరుగు పెడతావా?

నీకు తెలియక తోమావు. అది పనిరానితనం కాదు. తెలిసీ చెప్పకపోతే మాత్రం నాకు చెప్పుకోవడానికి మామయ్య మిగలడు. కోపం వస్తే రానీ. ఇంకా పదమూడు రోజులుంది.

మసిపిల్ల

*

దుకాణం,
ఆదివారం

మ్యూజియం పెద్ద మేడమ్ గారికి రాగి పనివాడు రాసుకున్నది. (మసిపిల్లా, ఇది నీకు కాదు. నువ్వు చదివి ఇవ్వు, అంతే. దిద్దకు.)

నా కొట్టులో దాగలి మొద్దు కింద దొరికిన నాణేల్లో ముప్పై ఎనిమిది నేను తోమి పాడుచేశాను. తోమకూడదని నాకు తెలియదు. ఎలా చేశానో చెబుతాను.

నిమ్మరసంలో ఉప్పు వేసి నాణెం ముంచాను. పచ్చగా ఉన్నచోట బుసబుసా పొంగింది. నేను తోమే గిన్నెల మీద నలుపు ఎప్పుడూ పొంగదు, ఒక్క తుడుపుకి పోతుంది. అప్పుడే నాకు వింతగా అనిపించింది, చేతులు ఆగితే బాగుండేది, ఆగలేదు. పచ్చ పోయాక నలుపు వచ్చింది. రెండోసారి ముంచి, కొబ్బరిపీచుతో రుద్దితే అది పోయింది. దాని కింద ఇటుకరంగు ఎరుపు ఒకటి ఉంది. అది రాగి ఎరుపు కాదు. రాగి మెత్తన, గోరుకి గీత పడకపోయినా మేకుకి పడుతుంది. ఈ ఎరుపు గాజులా గట్టి, మేకు పెడితే పెచ్చు లేస్తుంది. నిమ్మరసానికి సరిగ్గా లొంగలేదు. ఒక్కో నాణేనికి గంటన్నర ఇటుకపొడితో రుద్దాను. అది పోయాక అసలు రాగి తేలింది. అప్పుడది నునుపుగా లేదు, చెదలు తిన్న చెక్కలా గుంటలు. ఆ గుంటలు కనపడకుండా మెరుగుడు కర్రతో అదిమాను. మేడమ్ గారు చూసిన నునుపు నాణేనిది కాదు, నా మెరుగుడు కర్రది.

ఇంకొకటి ఉంది. నేను యాభైతొమ్మిది అని చెప్పాను. దొరికినవి అరవై. మొదటి రోజు రెండు నాణేలు అతుక్కుని ఉంటే ఉలితో విడదీయబోయాను. ఒకటి బిస్కెట్టులా విరిగింది. రాగి విరగడం నా జన్మలో చూడలేదు. వంగుతుంది, సాగుతుంది, విరగదు. నా చేతిలో విరిగిందంటే నలుగురూ నవ్వుతారని లెక్కలో చెప్పకుండా జేబులో వేసుకున్నాను. నా భార్యకి కూడా చెప్పలేదు. దాన్ని తోమలేదు. రెండు ముక్కలూ గుడ్డలో చుట్టి ఆఫీసులో చెప్పి, వాళ్ళ ముద్ర వేయించి పంపుతున్నాను.

నేను నాణేలు కొట్టగలను. అచ్చు తీయగలను, పోత పోయగలను. ఇవి మాత్రం కొట్టలేదు. విరిగే రాగి ఎలా చేయాలో నాకు రాదు.

ఇది నా చేత్తో రాశాను. సంతకం కింద ఉంది.

*

పనిగది,
గురువారం

మామయ్యా!

లావుగా రాస్తున్నాను, అత్తయ్యని పిలిచి ఆవిడ ముందు పైకి చదువు.

నాణేలు పాతవే. ఎన్ని వందల ఏళ్ళనేది ఇంకా చూస్తున్నారు గానీ, పాతవి. సర్కారు దస్త్రంలో నీ పేరు పక్కన "కనుగొన్నవాడు" అని పడింది. నకిలీ అన్న మాట కొట్టేసి మేడమ్ పక్కన సంతకం చేసింది.

నువ్వు సిగ్గుపడి దాచుకున్న ముక్కలే నిన్ను గట్టెక్కించాయి. విరిగిన అంచుని మైక్రోస్కోప్ కింద పెట్టారు. నన్ను దూరంగా కూర్చోబెట్టారు, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. నువ్వు చెప్పిన గాజులాంటి ఎరుపు పైపొర ఒక్కటే కాదట. లోపలికి పాకింది. రాగిలో కంటికి కనపడని రేణువులుంటాయి కదా, ఒక్కో రేణువు చుట్టూ దూరింది. నడిమధ్యలో సిసలు రాగి సన్నని గీతలా మిగిలింది. అందుకే విరిగింది. నీ చేతి తప్పు కాదు! పైన మందు పూసి నలుపు తెప్పించగలరు గానీ, నాణెం కడుపులోకి ఆ ఎరుపు ఎక్కించడం ఏ మాయగాడి వల్లా కాదు. భూమి నిదానంగా చేయాల్సిందే.

మేడమ్ నీ కాగితం రెండుసార్లు చదివింది. "నా మొదటి అభిప్రాయం తప్పు. మెరుగుడు కర్ర గుర్తులు చూసి అచ్చు గుర్తులనుకున్నాను" అని అందరి ముందూ అంది. ఆ తర్వాత ఏమందో విను: "పొర మీద పొర ఇంత వరసగా రాసిన కాగితం చదువుకున్నవాళ్ళ దగ్గర కూడా నేను చూడలేదు. కొత్తగా చేరేవాళ్ళందరికీ దీని నకలు ఇవ్వండి." పక్క బల్ల ఆయన నా వైపు తిరిగి, "మీ మామయ్యా?" అన్నాడు. "మా మామయ్యే" అన్నాను. మామయ్యా, ఆ గదిలో నా డిగ్రీ చదివి వినిపించినప్పుడు కూడా నా తల అంత పైకి లేవలేదు.

వచ్చే నెల అద్దాల బల్లలో పెడుతున్నారు. తోమింది ఒకటి, తోమనిది ఒకటి పక్కపక్కన. పరీక్ష అయిపోయింది కనుక, దాని పక్కన చీటీ రాసే పని నాకిచ్చారు.

నీ మసిపిల్ల

*

దుకాణం,
బుధవారం

అమ్మాయ్,

నేనూ మీ అత్తయ్యా మీ మ్యూజియంకి వచ్చి వెళ్ళాం. నువ్వు తవ్వకాలకి పక్క ఊరు వెళ్ళావని తెలుసు, అందుకే ఆ రోజు వచ్చాం. నువ్వుంటే మాకు అన్నీ చూపించి ఊదరగొడతావు. నాకు ఒక్క బల్లే చూడాలి.

చూశాను. గంటసేపు నిలబడ్డాను. మీ అత్తయ్య కాళ్ళు పీకుతున్నాయని ఒక మూల కుర్చీలో కూర్చుంది.

నల్లదాని మీద ఏనుగు ఎంత స్పష్టంగా ఉంది! తొండం ఎత్తి ఉంది. తోక కుచ్చు కూడా కనపడుతోంది. పక్కన నాది, తళతళా మెరుస్తూ, నాలుగు కాళ్ళు. నా పని నాకు అంత బోడిగా ఎప్పుడూ కనపడలేదు. గుండె చివుక్కుమంది, దాచుకోను. అయినా నల్లదాన్ని చూస్తుంటే సంతోషం ఆగలేదు. అది నా కొట్టు కిందది. మూడు తరాలు దాని మీదే కూర్చుని సుత్తి వేశాం.

ఇంతలో ఎవరో భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ నాది చూసి, "అయ్యో, ఎవడో తెలివితక్కువవాడు తోమేశాడండీ" అంది. ఆయన, "వదిలెయ్, ఏ పిల్లకాకో అయ్యుంటాడు" అన్నాడు. నాకు ఆ మాట సగమే వినపడింది, మిగతా సగం ఆయన పెదాలు చూసి తెలుసుకున్నాను. ముందుకెళ్ళి, "పిల్లకాకి కాదు బాబూ, డెబ్బై ఏళ్ళ కాకిని, నేనే" అన్నాను. ఇద్దరూ కంగారుపడ్డారు. నేను ఊరుకోలేదు. రాగి ఎందుకు నల్లబడుతుందో, పచ్చ ఎందుకొస్తుందో, కింద ఎరుపు ఎక్కడిదో, ఉప్పు ఏం చేస్తుందో, అన్నీ చెప్పాను. చెవుడు కదా, గొంతు పెద్దది. పక్క బల్లల దగ్గరవాళ్ళు కూడా వచ్చి చేరారు. పదిహేను మంది దాకా ఉంటారు. కాపలా ఆయన వచ్చాడు, గొడవేమోనని. వచ్చి ఆయనా వింటూ నిలబడ్డాడు. ఆవిడ ఆఖర్న, "మీరు ఇక్కడ పనిచేస్తారా?" అని అడిగింది. "మా మేనకోడలు చేస్తుంది" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే మీ అత్తయ్య మూలనుంచి లేచి వచ్చింది.

ఇక నీ మీద నాకున్న కోపం చెబుతాను. ఆ చీటీ నువ్వు రాసిందే కదా. "ఎడమది దొరికినప్పటి స్థితిలో ఉన్నది. కుడిది దొరికిన తర్వాత ఎవరో తోమినది."

ఎవరో ఏమిటే?

నా పరువు కాపాడదామని అలా రాశావు, నాకు తెలుసు. నలుగురూ నవ్వుతారని. నవ్వనీ. ఆ కాగితం రాసిన రోజే నేను ఆ భయం వదిలేశాను, నీకింకా వదల్లేదు. దొంగతనం చేసినవాడికి మొహం దాచినట్టు నన్ను ఎవరో చేస్తావా? అది నా చెయ్యి. నా పని బాగున్నప్పుడు నాదని చెప్పుకుని, చెడినప్పుడు ఎవరిదో అంటే, బాగున్నవి మాత్రం నావని ఎవరు నమ్ముతారు?

ఆ చీటీ తీసెయ్. నేను చెప్పినట్టు రాయి, ఒక్క ముక్క కూడా మార్చకుండా:

"వీటిలో ముప్పై ఎనిమిది నాణేలు తోమినవాడు, వీటిని కనుగొన్న రాగి పనివాడే. తోమకూడదని తెలిశాక ముప్పైతొమ్మిదోది ముట్టుకోలేదు."

లావు అక్షరాలతో రాయి. వచ్చే నెల వీధిలోవాళ్ళనందరినీ బస్సులో తీసుకొస్తున్నాను. స్టీలు కొట్టాయనకి కిటికీ సీటు ఇస్తానని చెప్పాను.

మీ మామయ్య